పాకాల దారిలో ఒక పాత గూడ్స్ షెడ్డు: 1:87 కొలతలో సొంతంగా కట్టడం ఎలా?

మోడల్ రైల్వే, అంటే నిజమైన రైలుదారికి చిన్న నమూనా, కట్టుకునేవారికి బజారులో దొరికే కట్టడాల కిట్లు చాలావరకు జర్మనీ, ఇంగ్లండు, అమెరికా ఊళ్లను చూసి చేసినవే. నిటారు కప్పులు, పొగగొట్టాలు, చెక్క గోడలు ఉన్న ఆ ఇళ్లను తెచ్చి పట్టాల పక్కన పెడితే, ఎంత మంచి ఇంజను తిరిగినా చూసేవారికి అది చిత్తూరు సీమ అనిపించదు. అందుకే కనీసం ఒక్క కట్టడమైనా సొంతంగా, మొదటి ముక్క నుంచి మనమే కోసి కట్టుకోవాలి. దానికి గూడ్స్ షెడ్డు, అంటే రైలు సరుకులు దించి ఉంచే గిడ్డంగి, అనువైనది. నాలుగు గోడలు, రెండు వాలుల కప్పు, రెండు పెద్ద తలుపులు తప్ప అందులో చిక్కులేమీ ఉండవు. పాతబడినట్టు చూపే పనికి మాత్రం అందులో ఉన్నంత చోటు మరెక్కడా దొరకదు.

ఇక్కడ వివరించే షెడ్డు ఫలానా స్టేషనులోనిది కాదు. కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల మీదుగా తిరుపతికి వచ్చే దారి, పట్టాల మధ్య ఒక మీటరు ఎడం ఉండే మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల్లో, వైపీ, వైజీ ఆవిరి ఇంజన్లు పోయి వైడీఎం-4 డీజిళ్లు తిరుగుతున్న కాలంలో, ఆ దారిలోని ఏ చిన్న స్టేషనులోనైనా ఉండదగిన ఊహా కట్టడం ఇది. రాతి గోడలు, పైన సున్నం, జి.ఐ. (జింక్ పూత పూసిన ఇనుప) రేకుల కప్పు, బెల్లం బస్తాలు దించడానికి ఒక అరుగు ఉంటాయి. మీరు తరువాతి బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాల) కాలాన్ని ఎంచుకున్నా షెడ్డు మారదు, దాని మీది ముసలితనం మాత్రం ఇంకొంచెం పెరుగుతుంది.

కొలతలు

హెచ్‌ఓ స్కేలు అంటే 1:87. అందులో నిజమైన అడుగుకు 3.5 మి.మీ. అన్న ఒక్క లెక్క గుర్తుంటే చాలు, కాలిక్యులేటరు అవసరం పడదు. పట్టాల విషయంలో కొంత రాజీ తప్పదు. మన 1676 మి.మీ. బ్రాడ్ గేజ్‌ను 87తో భాగిస్తే 19.3 మి.మీ. రావాలి, కానీ దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య ఎడం 16.5 మి.మీ. మాత్రమే. మీటర్ గేజ్‌కు 11.5 రావలసిన చోట 12 మి.మీ. పట్టాలు దొరుకుతాయి. కట్టడానికి ఈ రాజీ ఏదీ అక్కరలేదు కనుక దాని కొలతలను కచ్చితంగా ఉంచండి.

మన షెడ్డు పొడవు 40 అడుగులు, వెడల్పు 20 అడుగులు, గోడ ఎత్తు 12 అడుగులు అనుకుందాం. మోడల్‌లో అవి 140, 70, 42 మి.మీ. అవుతాయి. కప్పు రెండడుగులకు ఒక అడుగు చొప్పున లేస్తుందనుకుంటే, గోడ తల నుంచి కొప్పు (రెండు వాలులు కలిసే చోటు) వరకు 5 అడుగులు, అంటే 17.5 మి.మీ. చూరు రెండడుగులు బయటికి రావాలి కనుక ఒక్కొక్క వాలు పొడవు సుమారు 47 మి.మీ. తలుపు 8 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు పెడితే 28, 31.5 మి.మీ. ఇవన్నీ ముందుగా గ్రాఫ్ కాగితం మీద గీసుకొని, ఆ కాగితాన్ని కత్తిరించి అట్టబొమ్మగా నిలబెట్టి, మీరు రైలుదారి అమర్చే బల్ల, అంటే లేఅవుట్‌లో అనుకున్న చోట పెట్టి చూడండి. చాలామంది వదిలేసే పని ఇది. కాగితం మీద సరిపోయిన కట్టడం బల్ల మీద చాలా పెద్దదిగానో, పట్టాలకు మరీ దగ్గరగానో తేలడం సాధారణం.

నిజమైన కట్టడాన్ని చూసి కట్టదలిస్తే పట్టాలు దాటి దాని దగ్గరికి పోకండి. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి పోవడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. ప్లాట్‌ఫారం టికెట్టు కొని, స్టేషను మాస్టరును అడిగి, ప్లాట్‌ఫారం మీది నుంచే గోడకు ఎదురుగా నిలబడి ఫోటో తీసుకోండి. టేపు లేకుండానే ఆ ఫోటో నుంచి కొలతలు వస్తాయి. కప్పు మీది రేకులు ఎన్నో లెక్కపెట్టండి, ఒక్కొక్క రేకు వెడల్పు సుమారు రెండున్నర అడుగులు. గోడ పక్కన నిలిచిన మనిషి ఎత్తుతో తలుపును పోల్చండి. కొలబద్దగా తీసుకునే వస్తువు గోడకు ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి, ముందున్న వస్తువు ఎప్పుడూ పెద్దదిగానే కనిపిస్తుంది.

రాతి గోడలు

గోడలకు 5 మి.మీ. సన్‌బోర్డు (నురగలాంటి ప్లాస్టిక్ పలక) వాడండి. అడుగున్నర మందం ఉండే పాత రాతి గోడ ఈ స్కేలులో 5.25 మి.మీ. అవుతుంది కనుక తలుపు సందులో గోడ మందం తానే సరిగ్గా కనిపిస్తుంది. తిరుపతిలో గాంధీ రోడ్డు చుట్టుపక్కల స్టేషనరీ అంగళ్లలో గానీ, ఫ్లెక్సీ బోర్డులు చేసేవారి దగ్గర గానీ ఇది దొరుకుతుంది. బోర్డులు చేసేవారిని అడిగితే కోయగా మిగిలిన ముక్కలే మన షెడ్డుకు సరిపోతాయి. థర్మోకోల్ జోలికి పోవద్దు. దాని గింజలు రాతి గీతలను నిలవనీయవు, స్ప్రే పెయింటు తగిలితే కరిగిపోతుంది.

స్టీలు స్కేలు ఆనించి కట్టర్ కత్తితో మూడు నాలుగు సార్లు తేలికగా కోయాలి తప్ప ఒక్కసారే బలంగా నొక్కకూడదు. తలుపుల సందులను గోడలు అతికించక ముందే కోసుకోండి. ఆ తరువాత ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో రాళ్లు గీయాలి. రాళ్లు 9 నుంచి 15 అంగుళాల పొడవుంటాయనుకుంటే ఈ స్కేలులో అవి రెండున్నర నుంచి నాలుగున్నర మి.మీ. లోపే వస్తాయి. ఇక్కడే చెయ్యి అదుపు తప్పుతుంది. గీస్తున్నకొద్దీ రాళ్లు పెద్దవవుతూ పోయి, చివరికి గోడ బండలు పేర్చిన కోటగోడలా తయారవుతుంది. గీసే ప్రతి వరుస పక్కన స్కేలు పెట్టి సరిచూసుకోండి. ఒక వరుసలోని నిలువు సందు కింది వరుస సందుమీదికి రాకుండా చూడాలి, ఏ మేస్త్రీ అలా కట్టడు. గీయడం పూర్తయ్యాక ఒక గరుకు గులకరాయిని గోడంతటా ఒత్తితే నున్నటి ప్లాస్టిక్ మెరుపు పోయి రాతి గరుకుతనం వస్తుంది.

మూలల విషయం వేరు. సన్‌బోర్డు లోపల కూడా ఒకే పదార్థం కనుక, కోసిన అంచు మీద కూడా రాళ్లు గీయవచ్చు. పొడుగు గోడలోని మూలరాయి పక్క గోడ మీదికి తిరిగినట్టు ఆ అంచు మీద గీత కొనసాగించండి. అతుకు కనిపించకుండా ఉండాలంటే ఇదొక్కటే మార్గం. గోడలను ఫెవిక్విక్‌తో నిలబెట్టి, లోపలి మూలల్లో చిన్న చతురస్రపు ముక్కలను ఆనించి లంబకోణం చెడకుండా చూడండి. ఆ జిగురు ఆవిరి కళ్లకు మంట పుట్టిస్తుంది, కిటికీ తెరిచి పని చేయండి.

కప్పు

షెడ్డు మొత్తంలో ఎక్కువ సమయం తీసుకోవలసిన భాగం, తీసుకున్నందుకు ఫలితం కనిపించే భాగం కప్పే. లేఅవుట్‌ను మనం ఎప్పుడూ పైనుంచే చూస్తాం కనుక గోడలకన్నా ముందు కంటపడేది అదే.

రేకుల మీది ముడతలు నిజంగా మూడంగుళాల ఎడంలో ఉంటాయి, అంటే మోడల్‌లో 0.875 మి.మీ. ఇనుప సామాను అంగడిలో ఎం5 త్రెడ్ రాడ్డు (పొడవునా మర ఉన్న 5 మి.మీ. కడ్డీ) ఒక జానెడు కొనుక్కోండి. దాని మరల ఎడం 0.8 మి.మీ. కనుక మనకు కావలసిన ముడతకు అతి దగ్గరగా వస్తుంది. బిర్యానీ పార్సిల్ వచ్చే అల్యూమినియం డబ్బాను కడిగి, అడుగుభాగం కత్తిరించి చదును చేసుకోండి. వంటింటి ఫాయిల్ మరీ పలుచన, వేలు తగిలితేనే ముడతలు చెరిగిపోతాయి. పాత రబ్బరు చెప్పు అట్ట మీద ఆ రేకును పరిచి, రాడ్డును రెండు అరచేతులతో గట్టిగా నొక్కుతూ ఒక్క దిశలో ఒక్కసారి దొర్లించండి. మర గీతలు సమాంతరంగా ముద్ర పడతాయి.

అయితే ఆ గీతలు రాడ్డు దొర్లిన దిశకు సుమారు మూడు డిగ్రీలు వాలి ఉంటాయి. మర అనేది రాడ్డు చుట్టూ వాలుగా ఎక్కే గీత కావడమే దీనికి కారణం. అందుచేత రేకును ముందు కొలతకు కత్తిరించి ఆ తరువాత ముద్ర వేస్తే ప్రతి రేకు మీదా గీతలు వంకరగా కనిపిస్తాయి. ముందు పెద్ద ముక్క మీద ముద్ర వేసి, ఆ గీతల వెంట స్కేలు ఆనించి కోయడమే సరైన పద్ధతి. ఒకసారి ముద్ర పడిన చోట మళ్లీ దొర్లిస్తే కొత్త గీతలు పాతవాటి మధ్యలో పడి రెండూ పాడవుతాయి.

ఎనిమిది అడుగుల రేకు మోడల్‌లో 28 మి.మీ. పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు 9 మి.మీ. కొంచెం తక్కువగా వస్తుంది. రెండు చివరలా అడుగు చొప్పున కప్పు బయటికి రావాలి కనుక వాలు వెడల్పు 147 మి.మీ., ఒక్కొక్క వరుసకు 18 రేకుల పైచిలుకు పడతాయి. రెండు వాలులకు, వాలుకు రెండు వరుసల చొప్పున, మొత్తం 75 వరకు కోసి ఉంచుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ ఒకే పెద్ద రేకు పరిచి మధ్యలో గీతలు గీస్తే ఆ మోసం వెంటనే బయటపడుతుంది.

కప్పు అడుగున మందపాటి శుభలేఖ అట్టను రెండు వాలులుగా మడిచి పెట్టండి. పెళ్లిళ్ల కాలం పోయాక ఆ అట్టలకు ఏ ఇంట్లోనూ కొరత ఉండదు. అట్టకు రెండు వైపులా రంగు పూయాలి, ఒకవైపే పూస్తే వంగిపోతుంది. చూరు కింద కనిపించే వాసాలకు అగరుబత్తి పుల్లల మసాలా లేని చివరలు సరిపోతాయి. రేకులను చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు వైపు పేర్చాలి. పై రేకు కింది రేకు మీదికి రెండు మి.మీ. దాకా ఎక్కాలి, పక్క రేకు మీదికి ఒక ముడత ఎక్కాలి. మధ్యలో ఒకటి రెండు రేకులను వెంట్రుకవాసి పక్కకు జరపండి, ఒకదాని చివరను కొద్దిగా పైకి లేపండి. కొప్పు మీద సన్నని ఫాయిల్ పట్టీని మడిచి అతికిస్తే కప్పు పూర్తయినట్టే.

అల్యూమినియంను ఫెర్రిక్ క్లోరైడ్ అనే, లోహాన్ని తినేసే రసాయనంలో ముంచి చిల్లులు పడేలా చేసే పద్ధతి ఒకటుంది. ఫలితం బాగానే ఉంటుంది కానీ ఆ చర్యలో వేడి, పొగ పుడతాయి. పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోకపోవడమే మేలు. రంగులతోనే అంతకు తక్కువ కాని ఫలితం వస్తుంది.

తలుపులు, అరుగు

తలుపులకు డ్రాయింగ్ షీటు మీద రెండేసి మి.మీ. ఎడంలో గీతలు ఒత్తి, పైన సన్నని పట్టీలు అతికిస్తే చాలు. ఒక తలుపును మూసి, ఒకదాన్ని సగం తెరిచి ఉంచండి. లోపల గోడలకు నల్లరంగు పూసి, తెరిచిన తలుపు వెనుక ఎం-సీల్‌తో చేసిన నాలుగు బస్తాలు పెడితే మిగతాదంతా చూసేవారి ఊహే నింపుకుంటుంది. అరుగు ఎత్తును పుస్తకాల లెక్కలనుంచి తీసుకోవద్దు. మీ దగ్గరున్న గూడ్స్ వాగన్‌ను పట్టాలమీద నిలిపి దాని నేలతో సమంగా అరుగును కట్టండి. మీ వాటిలో అన్నింటికన్నా వెడల్పైన పెట్టెను అరుగు పక్కన నడిపి, కనీసం ఒకటిన్నర మి.మీ. సందు మిగులుతోందో లేదో చూసుకోండి. పక్కన మలుపు ఉంటే ఇంకొంచెం వదలాలి.

మరకకు కారణం

పాతబడినట్టు చూపడం మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. షెడ్డును లేఅవుట్‌లో దాని చోట పెట్టి, ఏ గోడ ఏ దిక్కు చూస్తోందో పెన్సిలుతో అడుగున రాసుకోండి. తిరుపతి, చిత్తూరు సీమకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అందువల్ల ఉత్తరం, తూర్పు గోడలు వానకు తడుస్తాయి, పాచి, నల్లచారలు అక్కడే పడతాయి. దక్షిణం, పడమర గోడలు ఎండకు కాలుతాయి. రంగు అక్కడే వెలిసిపోయి పొడిపొడిగా రాలుతుంది. నాలుగు గోడలకూ ఒకే రకమైన మురికి పూసిన కట్టడం పాతదిగా కాక, మురికిగా మాత్రమే కనిపిస్తుంది. వేసే ప్రతి మరకకూ వాన, ఎండ, మనిషి చెయ్యి, రైలు అనే వాటిలో ఏది కారణమో మీరు చెప్పగలగాలి; చెప్పలేకపోతే ఆ మరక వద్దు.

ముందు గోడలకు బూడిదరంగు, గోధుమరంగు కలిపిన అక్రిలిక్ రంగు పూసి, ఆరాక పదింటిలో ఒకటి రెండు రాళ్లకు వేరు ఛాయలు దిద్దండి. వాల్‌పుట్టీని పలుచగా కలిపి గోడంతా రుద్ది, తడిగుడ్డతో పైపైన తుడిస్తే రాళ్ల సందుల్లో మాత్రమే నిలుస్తుంది. పాత సున్నం చూపాలంటే రాతి రంగు బాగా ఆరాక దానిమీద హెయిర్ స్ప్రే కొట్టి, అది ఆరిన తరువాత తెల్ల అక్రిలిక్‌ను పలుచగా పూయండి. అరగంటలోపు తడి కుంచెతో రుద్దితే తెలుపు పెచ్చులుగా లేచి కింద రాయి బయటపడుతుంది. ఎండ తగిలే గోడ మీద ఎక్కువగా రుద్దండి, చూరు నీడలో ఉండే పై రెండు వరుసల్లో సున్నాన్ని దాదాపు అలాగే వదిలేయండి.

వంద మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పది పదిహేను చుక్కల నల్ల డ్రాయింగ్ ఇంకు కలిపి కుంచెతో అద్దితే సందుల్లో నీడ చేరి గోడకు లోతు వస్తుంది. అది మండే ద్రవం కనుక స్టవ్వుకు, దీపానికి దూరంగా ఉండాలి. అక్రిలిక్ మీద ఎక్కువ రుద్దితే అడుగు రంగు కూడా లేచి వస్తుంది కాబట్టి ఒక్క పూత అద్ది వదిలేయండి.

గోడ అడుగున అయిదారు మి.మీ. వరకు ఎర్రమట్టి చిందిన పట్టీ తప్పకుండా ఉండాలి. చూరుకు నీటి గొట్టం లేని కట్టడానికి చూరు నీళ్లు కింద పడి మట్టిని గోడమీదికి చిమ్ముతాయి. ఈ రంగును సీసాలో వెతకనక్కరలేదు, చంద్రగిరి వైపు పొలంగట్టు మన్నే తెచ్చుకోండి. పాత పెనం మీద వేయించి పురుగు లేకుండా చేసి, జల్లెడ పట్టి, తరువాత పలుచని గుడ్డలో జల్లించండి. ఆ పొడిలో ఒక అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి తిప్పితే నల్లని ఇనుపరజను అంటుకొని వస్తుంది. దాన్ని తీసేయకపోతే అది ఇంజను మోటారులోని అయస్కాంతానికి చేరి మోటారును పాడుచేస్తుంది. మిగిలిన మెత్తని పొడిని పొడి కుంచెతో గోడ అడుగున కింది నుంచి పైకి అద్దండి. పై అంచు ఎక్కడా స్కేలుతో గీసినట్టు ఉండకూడదు. చూరు నీళ్లు ఎక్కువగా పడే చోట పైకి, అరుగు నీడలో కిందికి ఉండాలి.

కప్పు తుప్పుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. జింక్ పూత ముందుగా పోయేది కోసిన అంచుల దగ్గర, మేకులు దిగిన చోట, నీళ్లు నిలిచే రేకుల అతుకుల కింద. కనుక ముందు బూడిదరంగు ప్రైమరు పూసి, ఒక్కొక్క రేకుకు కొద్ది తేడాతో బూడిదరంగులు వేయండి. రేకులన్నీ ఒకే ఏడాది వేసినవి కావు, కొన్ని మధ్యలో మార్చినవి. ఒకటి రెండింటిని దాదాపు కొత్తవాటిలా మెరుస్తూ వదిలేయండి. ఆ తరువాత బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) రంగును అతుకుల వెంట, బర్న్ట్ సియెన్నా (నారింజ ఛాయ గోధుమ) రంగును దాని అంచున సన్నగా వేసి, తడి ఆరకముందే శుభ్రమైన తడి కుంచెతో చూరు వైపు కిందికి లాగండి. పాత తుప్పు ముదురు గోధుమ, కొత్త తుప్పు నారింజ. నారింజ చాలా తక్కువగా ఉండాలి. చార ఎప్పుడూ వాలు వెంట కిందికే పోతుంది. చివరగా సాఫ్ట్ పాస్టెల్ సుద్దలను ఉప్పుకాగితం మీద అరగదీసిన పొడిని అక్కడక్కడ అద్దండి. దాన్ని నిలబెట్టడానికి మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొడితే పొడి సగం మాయమవుతుంది కనుక కొంచెం ఎక్కువగా అద్దుకొని ఆ తరువాత కొట్టాలి.

ఆవిరి ఇంజన్ల కాలమైతే పట్టాలవైపు చూరు కింద మసి పొర ఒకటి వేయండి. ఇనుప బ్రేకు బ్లాకుల అరుగుడు దుమ్ము వల్ల స్టేషనులో పట్టాలవైపు గోడ అడుగున, కంకర మీద తుప్పు గోధుమ ఛాయ కనిపిస్తుంది. అరుగు అంచున దాన్నీ చూపండి. మనిషి చెయ్యి వేసే మరకలు వేరు. తలుపు గొళ్లెం చుట్టూ జిడ్డు నలుపు, గడప మధ్యలో కాళ్ల అరుగుడు ఉంటాయి. చిత్తూరు బెల్లం దిగే షెడ్డు కనుక అరుగు మీద ఒకటి రెండు చోట్ల ముదురు గోధుమ చుక్కలు వేసి, వాటి మీద మాత్రమే నిగనిగలాడే వార్నిష్ అంటించండి. దుమ్ము పట్టిన షెడ్డులో జిగురుగా మెరిసే ఆ మరక చూడగానే అక్కడ ఏ సరుకు దిగుతుందో తెలుస్తుంది. మామిడి కాలం చూపాలనుకుంటే దామలచెరువు మండీల వైపు నుంచి వచ్చినట్టు నాలుగు బుట్టలు పెట్టవచ్చు, కానీ రెండూ ఒకే అరుగు మీద వద్దు.

ఉత్తరపు గోడ పగులులో ఒక రావిమొక్క, దాని కింద నల్లచార సరిపోతాయి. ఎండిన తులసి వెన్నులోని చిన్న కొసకు ఆకుపచ్చ పూస్తే మొక్క తయారవుతుంది. గోడమీది పోస్టర్లను చిన్నవిగా ముద్రించి, వెనుకవైపు ఉప్పుకాగితంతో రుద్ది పలుచన చేసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో రాళ్ల గీతల్లోకి ఒత్తండి. స్టేషను పేరు పలక పెడితే పసుపు మీద నల్ల అక్షరాలతో తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉండాలి.

పని మధ్యలో లేఅవుట్ మీద వెలిగే దీపం కిందనే షెడ్డును పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి చూడండి. కంటికి దొరకని జిగురు మెరుపు, ఎక్కువైన నారింజ ఫోటోలో వెంటనే దొరుకుతాయి.

నేలలో కుదర్చడం

షెడ్డు అడుగుకూ నేలకూ మధ్య వెంట్రుక సందు కనిపించినా అంతవరకు చేసిన పని పాడవుతుంది. షెడ్డు అడుగును నేలలోకి ఒకటి రెండు మి.మీ. దించేలా గుంట తీసి, చుట్టూ అదే ఎర్రమట్టిని పోసి, ఫెవికాల్ ఒక వంతుకు నీళ్లు ఒక వంతు చొప్పున కలిపి, ఒక చుక్క అంట్ల సబ్బు ద్రవం వేసి, సిరంజితో అంచుల్లోకి వదలండి. సబ్బు లేకపోతే జిగురు మట్టి మీద బొట్లుగా నిలిచి లోపలికి ఇంకదు. కొబ్బరి పీచును ఒకటి రెండు మి.మీ. ముక్కలుగా కత్తిరించి గోడ మూలల్లో గడ్డిగా నాటండి, లారీలు వచ్చే వైపు మాత్రం నేలను బోసిగా వదలండి.

షెడ్డును మాత్రం నేలకు జిగురుతో అతికించకండి. నేల మట్టి ఆరేవరకు షెడ్డు అడుగుకు పలుచని ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంచి, ఆరాక దాన్ని లాగేయండి. తరువాత బల్ల కింది నుంచి రెండు చిన్న స్క్రూలతో షెడ్డును బిగిస్తే, ఎప్పుడైనా ఒక రేకు ఊడినా, కింద పట్టాల వైరు తెగినా, విప్పి బాగుచేసి మళ్లీ అదే గుంటలో కూర్చోబెట్టవచ్చు.